పన్నెండు గంటల డ్యూటీయా, ఆరు-ఆరు-పన్నెండా? సంతకం పెట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

నర్సింగ్ ఫైనల్ ఇయర్ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "అక్కా, ఒక హాస్పిటల్‌లో ఆరు-ఆరు-పన్నెండు అంటున్నారు. ఇంకోదాంట్లో పన్నెండు గంటలే, కానీ జీతం మూడు వేలు ఎక్కువ. ఏది పట్టుకోమంటావ్?" నేను ఎదురు ఒకటే అడుగుతాను. పన్నెండు గంటలు సరే, నెలకి ఎన్ని డ్యూటీలు? అక్కడ ఫోన్లో నిశ్శబ్దం. ఆ సంగతి ఆఫర్ లెటర్‌లో రాయరు, హెచ్‌ఆర్ వాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు, వీళ్లకి అడగాలని తోచదు.

పద్నాలుగేళ్లలో నేను మూడు రకాలూ చేశాను. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక రెండేళ్లు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో వారానికి ఆరు రోజులు, రోజుకి పన్నెండు గంటలు. తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరు-ఆరు-పన్నెండు. మధ్యలో కొంతకాలం డయాలసిస్ యూనిట్‌లో ఎనిమిది గంటలు. అందుకే ఈ పోలికలో నా మొగ్గు అక్కడక్కడా కనబడుతుంది, దాచను.

## మూడు పేర్లు, నాలుగు వేర్వేరు ఉద్యోగాలు

ఆరు-ఆరు-పన్నెండు అంటే ఉదయం 8 నుంచి 2 దాకా మార్నింగ్, 2 నుంచి రాత్రి 8 దాకా ఈవినింగ్, అక్కణ్నుంచి మర్నాడు ఉదయం 8 దాకా నైట్. కొన్నిచోట్ల అరగంట అటూ ఇటూ జరుపుతారు. "చిన్న షిఫ్టులు" అని దీన్ని మెచ్చుకునేవాళ్లు నైట్ పన్నెండు గంటలే అన్న సంగతి మర్చిపోతుంటారు.

ఎనిమిది గంటల పద్ధతిలో 6 నుంచి 2, 2 నుంచి 10, 10 నుంచి 6. ఇరవైనాలుగు గంటల్ని సమంగా మూడు ముక్కలు చేస్తారు.

పన్నెండు గంటల పద్ధతిలో డే, నైట్ అని రెండే షిఫ్టులు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. వారానికి నాలుగు డ్యూటీలు చేసి మూడు రోజులు ఇంట్లో ఉండే పన్నెండు గంటలు ఒకటి. వారానికి ఆరు డ్యూటీలు చేసి ఆదివారం బట్టలు ఉతుక్కునే పన్నెండు గంటలు ఇంకొకటి. లెటర్‌లో రెండింటికీ "12 గంటల షిఫ్టు" అనే ఉంటుంది.

## దేనితో కొలవాలి

షిఫ్టు పొడవు చూసి నిర్ణయం తీసుకోవద్దు. నాలుగు వారాలకి మొత్తం ఎన్ని గంటలో చూడండి. డ్యూటీ అయ్యే టైమ్ కాకుండా మీరు గేటు దాటే టైమ్ చూడండి. ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య ఎన్ని గంటల ఖాళీ దొరుకుతుందో, ఆఫ్‌లు వరసగా ఇస్తారో విడివిడిగా విసిరేస్తారో తెలుసుకోండి. చివరి రెండు గంటల్లో మీ చేతిలో ఉండే పని ఎలాంటిదో ఆలోచించుకోండి. మందులు కలపడమా, చార్టులో టోటల్స్ వేయడమా, లేక పేషెంట్‌ని వీల్‌చైర్‌లో స్కానింగ్‌కి పంపడమా?

కింద లెక్క నేను వేసింది. ఓవర్ అంటే ఒక షిఫ్టు వాళ్లు తర్వాతి షిఫ్టు వాళ్లకి పేషెంట్లని, వాళ్ల వివరాల్ని అప్పగించడం. ఓవర్ తీసుకోవడానికి అరగంట ముందు రావడం, ఓవర్ ఇచ్చి అరగంట ఆలస్యంగా బయటపడటం, రానూపోనూ రెండు గంటల ప్రయాణం అనుకున్నాను. ఆరు-ఆరు-పన్నెండులో మూడు వారాలు పగటి డ్యూటీలు, ఒక వారం నైట్లు. మీ అంకెలు వేరైతే మార్చుకుని వేసుకోండి.

| నాలుగు వారాలకి | ఆరు-ఆరు-పన్నెండు | ఎనిమిది గంటలు | పన్నెండు, వారానికి 4 | పన్నెండు, వారానికి 6 |
|---|---|---|---|---|
| డ్యూటీలు | 24 (పగలు 18, నైట్లు 6) | 24 | 16 | 24 |
| డ్యూటీ గంటలు | 180 | 192 | 192 | 288 |
| ఓవర్‌కి పోయేవి | 24 | 24 | 16 | 24 |
| ప్రయాణం | 48 | 48 | 32 | 48 |
| మొత్తం | 252 | 264 | 240 | 360 |
| డ్యూటీ లేని రోజులు | 4 | 4 | 12 | 4 |

చివరి రెండు నిలువు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. షిఫ్టు పొడవు ఒకటే, తేడా 120 గంటలు. నాలుగు డ్యూటీల పన్నెండు గంటల పద్ధతి మొత్తంలో ఆరు-ఆరు-పన్నెండు కంటే తక్కువ సమయమే తింటుంది, ఎందుకంటే ఓవర్లూ ప్రయాణాలూ మూడో వంతు తగ్గిపోతాయి.

ఇప్పుడు ఆ మూడు వేల సంగతి. ఆరు-ఆరు-పన్నెండు చోట పద్దెనిమిది వేలు, ఆరు రోజుల పన్నెండు గంటల చోట ఇరవై ఒకటి అనుకోండి. మొదటిది 180 గంటలకి గంటకి వంద రూపాయలు. రెండోది 288 గంటలకి గంటకి దాదాపు 73. ఎక్కువ ఇస్తున్నామంటూ గంటకి ఇరవై ఏడు రూపాయలు కోసేస్తున్నారు.

## ఆరు-ఆరు-పన్నెండు

ఇందులో పగటి డ్యూటీలు నిజంగా హాయి. మార్నింగ్‌లో పని ఊపిరాడనివ్వదు. స్పాంజింగ్, రౌండ్స్, డ్రెస్సింగులు, డిశ్చార్జిలు, బ్లడ్ శాంపిల్స్, ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్లు. అయినా రెండింటికి అయిపోతుందన్న ధీమా ఉంటుంది. ఆరు గంటలు పరిగెత్తడం వేరు, పన్నెండు గంటలు పరిగెత్తడం వేరు. మధ్యాహ్నం ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చాక కూడా సాయంత్రం మిగిలే ఉంటుంది.

ఈవినింగ్ మాత్రం పెళ్లైనవాళ్లకి పేచీ. పొద్దున వంటా, పిల్లల్ని పంపడమూ అయ్యాక పన్నెండున్నరకే బయల్దేరాలి. స్కూలు నుంచి పిల్లలు నాలుగున్నరకి వస్తారు, మీరు రాత్రి తొమ్మిదిన్నరకి. ఈవినింగ్ వారం మొత్తం పిల్లల్ని నిద్రమొహాలతోనే చూస్తారు.

ఇక నైట్. నా సొంత తప్పు ఒకటి చెబుతాను.

ఐసీయూలో నాలుగో నైట్. ఉదయం ఐదున్నర దాటింది. ఆరో బెడ్ పేషెంట్ అరవై కిలోల మనిషి. గంటగంటకీ యూరిన్ కొలిచి చార్టులో రాస్తూనే ఉన్నాను. 40, 40, 35, 35, 30, 30, 25, 20, 20, 15, తర్వాత పదులు రెండు. చివరి రెండు గడులు తర్వాత నింపి, ఎనిమిదింటికి ఓవర్ ఇచ్చేముందు టోటల్ వేశాను, 410. గంటకి సగటున ముప్పై నాలుగు పడుతోంది, కిలోకి అర మి.లీ. లెక్కన ముప్పై చాలు కాబట్టి పర్వాలేదనుకున్నాను. ఓవర్ తీసుకుంటున్న సిస్టర్ పెన్ను మూతతో ఒక్కో అంకె మీదా తడుముతూ కూడి, "అక్కా, 310 కదా వచ్చేది" అంది. అప్పుడు చూశాను. టోటల్‌లో వంద తేడా ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి, చివరి ఆరు గంటలూ ముప్పై కంటే తక్కువే. కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే లెక్క అది. ఆరు సార్లు నా చేత్తోనే రాశాను, డ్యూటీ డాక్టర్‌కి ఒక్కసారీ చెప్పలేదు. ఆయన ఎనిమిదింపావుకి వచ్చి మందులు మార్చాడు, పేషెంట్ బయటపడ్డాడు. నేను ఆ రోజు ఇంటికెళ్లి పడుకోలేకపోయాను.

దీన్నుంచి నాకు రెండు విషయాలు తెలిశాయి. పెద్ద షిఫ్టు కావాలనేవాళ్లు చెప్పే కారణం ఏమిటంటే, ఒకే నర్సు పన్నెండు గంటలు చూస్తే పేషెంట్‌లో మార్పు పసిగడుతుందని. నిజమే, ఆ పన్నెండు అంకెలూ నా కళ్ల ముందే ఉన్నాయి. కానీ నాలుగో నైట్ పదో గంటలో కళ్లు అంకెని చూస్తాయి, బుర్ర వరసని చూడదు. రెండోది, ఓవర్‌లో సమాచారం జారిపోతుందని అందరం అంటాం. అదే ఓవర్‌లో తప్పులు దొరుకుతాయి కూడా. రోజుకి మూడు ఓవర్లుంటే మూడు జతల తాజా కళ్లు పడతాయి. రెండే ఉంటే రెండు జతలు.

## ఎనిమిది గంటలు

కాగితం మీద అన్నిటికంటే న్యాయంగా కనబడేది ఇదే. నైట్ కూడా ఎనిమిదే. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకీ, మోకాళ్లు అరిగినవాళ్లకీ ఇదే మంచిదని నా అభిప్రాయం. వేళకి తిండి, వేళకి మాత్ర.

చిక్కు రోస్టర్‌లో, అంటే డ్యూటీల పట్టికలో ఉంటుంది. ఈరోజు రెండు నుంచి పది వేసి, రేపు ఆరింటికి రమ్మంటారు. మధ్యలో ఎనిమిది గంటలు. ఓవర్, ప్రయాణం, భోజనం, స్నానం తీసేస్తే నిద్రకి నాలుగు మిగిలితే ఎక్కువ. యూరప్‌లో రెండు పనిదినాల మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలని యూరోపియన్ యూనియన్ నిబంధనే ఉంది. మన దగ్గర ఆ లెక్క మీరే చూసుకోవాలి. ఎనిమిది గంటల ఆసుపత్రిలో చేరేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఈవినింగ్ తర్వాత వెంటనే మార్నింగ్ వేస్తారా?"

రెండో చిక్కు రాత్రి పదింటికి దిగడం. ఆసుపత్రి బండి దింపకపోతే ఆటో బేరాలాడుకుంటూ నిలబడే టైమ్ అది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకి ఉచితమే, జీరో టికెట్ చేతిలో పెడతారు. టికెట్ ఖర్చు తప్పింది గానీ ఆ వేళకి మీ ఊరి బస్సు ఉందా అన్నదే ప్రశ్న.

పని కొలత గడియారానికి సరిపోని యూనిట్లూ ఉంటాయి. డయాలసిస్‌లో ఒక్కో సెషన్ సాధారణంగా నాలుగు గంటలు. ఎనిమిది గంటల్లో రెండు బ్యాచ్‌లు పడతాయని మేనేజ్‌మెంట్ లెక్క. మధ్యలో మెషిన్ డిసిన్ఫెక్షన్, సూదులు తీశాక రక్తం ఆగేదాకా నొక్కిపట్టుకోవడం, బరువు చూడటం, ఇవి ఏ లెక్కలోనూ ఉండవు. నేను ఆ యూనిట్‌లో ఉన్నన్నాళ్లూ ఏడింటికి ఎక్కి మూడింటికి దిగాల్సిన డ్యూటీలో నాలుగింటికి ముందు చెప్పులేసుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

## పన్నెండు గంటలు, వారానికి నాలుగు

నెలకి పన్నెండు రోజులు ఇంట్లో ఉండటం అనే మాట వినగానే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. బ్యాంకు పని, పిల్లల పేరెంట్స్ మీటింగ్, అమ్మని కంటి డాక్టర్‌కి చూపించడం, ఏదీ సెలవు అడుక్కోకుండా అయిపోతుంది. ఊరి నుంచి వచ్చిపోయేవాళ్లకి దీన్ని మించింది లేదు. భువనగిరి నుంచి సికింద్రాబాద్, తెనాలి నుంచి విజయవాడ తిరిగేవాళ్లకి నెలకి ఇరవై నాలుగు సార్లు రైలెక్కడానికీ పదహారు సార్లు ఎక్కడానికీ ఉన్న తేడా ఒంటికే తెలుస్తుంది.

కానీ డ్యూటీ ఉన్న రోజు మాత్రం ఆ రోజు మీది కాదు. పన్నెండు, ఓవర్‌కి గంట, ప్రయాణం రెండు, మొత్తం పదిహేను. మిగిలిన తొమ్మిదిలో తిండీ స్నానం నిద్రా. మర్నాడు మళ్లీ డ్యూటీ ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరితోనూ పది మాటలు మాట్లాడరు. నైట్ దిగిన రోజు "ఆఫ్" అని రాస్తే దాన్ని ఆఫ్ అనుకోకండి. అది నిద్రపోయే రోజు, సగం రోజు కింద కట్టుకోండి.

తప్పుల సంగతి వదలడానికి లేదు. అమెరికాలో 393 మంది నర్సులు రాసుకున్న డ్యూటీ డైరీలతో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. పన్నెండున్నర గంటలూ అంతకు మించీ పనిచేసినప్పుడు తప్పు జరిగే అవకాశం మూడింతలని అందులో తేలింది. యూరప్‌లో 12 దేశాల్లో 488 ఆసుపత్రుల నుంచి 31 వేలమందికి పైగా నర్సుల్ని అడిగి 2014లో అచ్చేసిన అధ్యయనంలో, పన్నెండు గంటలూ ఆపైన చేసేవాళ్లు సంరక్షణ నాణ్యత తగ్గిందనీ, చేయాల్సిన పనులు మిగిలిపోయాయనీ ఎక్కువగా చెప్పారు. ఆ మరుసటి ఏడాది అదే సమాచారంతో వచ్చిన ఇంకో పేపర్‌లో వాళ్లలోనే అలసట, ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఎక్కువని కనబడింది. సెలవులు ఎక్కువ దొరుకుతాయని ఈ షిఫ్టునే కోరుకునేవాళ్లు మా వార్డుల్లోనూ ఉన్నారు, నేనూ కోరుకున్నాను. ఇష్టం వేరు, ఒళ్లు చెప్పేది వేరు.

ఆ పన్నెండున్నర అంకె గుర్తుపెట్టుకోండి. పన్నెండు గంటల డ్యూటీ పన్నెండుకి అయిపోతే ఒక సంగతి. ఓవర్ తీసుకోవాల్సిన సిస్టర్ ఆలస్యమై, చివర్లో ఒక అడ్మిషన్ పడి, నోట్స్ మిగిలి పదమూడున్నర అయితే ఇంకో సంగతి. ఆరు గంటల డ్యూటీ గంటన్నర సాగితే విసుగొస్తుంది. పన్నెండు గంటల డ్యూటీ గంటన్నర సాగితే ప్రమాదం.

ఇంటికెళ్లే దారి ఇంకో ప్రమాదం. మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం నిద్ర పట్టదు. పొద్దున పదింటికి లేచారనుకోండి, తెల్లవారుజాము మూడింటికి పదిహేడు గంటలు మెలకువగా ఉన్నట్టు. అంతసేపు నిద్రలేని మనిషి చురుకుదనం, రక్తంలో 100 మి.లీ.కి 50 మి.గ్రా. మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లోనే తేల్చారు. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 30 మి.గ్రా. మీరు ఎనిమిదింటికి స్కూటీ తీసేసరికి ఇరవై రెండు గంటలు. రోడ్డు మీద ఆపి ఊదమంటే సున్నా వస్తుంది, అంతే తేడా. నైట్ దిగాక బస్సెక్కండి, లేదా డ్యూటీ రూమ్‌లో అరగంట కన్ను మూసి బయల్దేరండి.

## పన్నెండు గంటలు, వారానికి ఆరు

దీని గురించి ఎక్కువ రాయను. కొత్తగా పాసైనవాళ్లకి చిన్న నర్సింగ్ హోమ్‌లు ఇచ్చేది ఎక్కువగా ఇదే. "అన్ని పనులూ నేర్చుకుంటావమ్మా" అంటారు. నేర్చుకున్నాను, కాదనను. లేబర్ రూమ్, ఆపరేషన్ థియేటర్, ఫార్మసీ బిల్లు, అన్నీ. రాత్రి ఇద్దరమే ఉండేవాళ్లం, అందులో ఒకరు ఏఎన్‌ఎం (సహాయ నర్సు కోర్సు) చేసినామె. రెండేళ్లకి ఆరు కిలోలు తగ్గాను, నెలసరి లెక్క తప్పింది. వేరే దారి లేక చేరితే ఎన్ని నెలలో ముందే తేదీ రాసుకుని చేరండి. అనుభవ పత్రం, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఇరుక్కోకుండా చూసుకోండి. ఒరిజినల్స్ అడిగితే ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా జీతం ఇరవై వేలకి తగ్గకూడదనీ, పని గంటలూ సెలవులూ రవాణా లాంటివి రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలనీ ఆ కమిటీ సిఫార్సు చేసింది. సిఫార్సు కాబట్టి అమలు రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది. అయినా ఆ అంకె తెలిసి మాట్లాడటం వేరు, తెలియక తలూపడం వేరు.

## ఎవరికి ఏది

కొత్తగా చేరేవాళ్లకి నేను ఆరు-ఆరు-పన్నెండే చెబుతాను. మార్నింగ్‌లో రౌండ్స్, ఈవినింగ్‌లో అడ్మిషన్లు, నైట్‌లో ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం, మూడూ వేర్వేరు పాఠాలు. ఏడాదికల్లా మూడింట్లోనూ చేయి తిరుగుతుంది. మొదటి మూడు నెలలు మాత్రం నైట్‌లో పక్కన సీనియర్ ఉంటారో లేదో అడగండి.

పసిబిడ్డ తల్లులకి చిన్న షిఫ్టే మంచిదని అందరూ అంటారు. పాలు తాగే బిడ్డ ఉంటే నేనూ అదే అంటాను. పదిహేను గంటలు బిడ్డకి దూరంగా ఉంటే రొమ్ములు గట్టిపడి జ్వరం రావచ్చు, పాలు పిండుకోవడానికి వార్డులో చోటూ ఉండదు. బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకి రెండు సార్లు పాలిచ్చేందుకు విరామం, యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు), రోజుకి నాలుగు సార్లు బిడ్డని చూసొచ్చే వీలు చట్టంలో ఉన్నాయి. 2017 సవరణలో క్రెష్ సంగతి చేర్చారు. పిల్లలు బడికి వెళ్లే వయసైతే నా మాట మారుతుంది. అప్పుడు నాలుగు డ్యూటీల పన్నెండు గంటలే నయం, ఇంట్లో అత్తయ్యో అమ్మో ఉంటే. ఈవినింగ్ వారాలు ఉండవు, మిగిలిన మూడు రోజులూ పిల్లలు మీవే. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోతే మాత్రం ఆ నాలుగు రోజులూ నరకం. అప్పుడు మార్నింగే ఇవ్వమని బతిమాలైనా తీసుకోండి.

ఐసీయూలో ఉండేవాళ్లు పెద్ద షిఫ్టు తట్టుకోగలరా అన్నది నర్సుకి ఎంతమంది పేషెంట్లు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వెంటిలేటర్ పేషెంట్ ఒక్కరికి ఒక్క నర్సు ఉంటే పన్నెండు గంటలు నెట్టుకురావచ్చు. ఇద్దరు వెంటిలేటర్ పేషెంట్లని ఒక్కరికి అప్పగించే చోట ఎనిమిది గంటలే ఎక్కువ. జనరల్ వార్డులో అయిదుగురికి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలనీ, ఆపైన సెలవుల కోసం 30 శాతం అదనంగా ఉండాలనీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ ముప్పై శాతం లేని చోట ఏ షిఫ్టు పద్ధతైనా మూణ్నాళ్ల ముచ్చటే. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరికి డబుల్ డ్యూటీ పడుతుంది, ఆరు-ఆరు-పన్నెండు కాస్తా ఆ రోజుకి పన్నెండు-పన్నెండు అయిపోతుంది.

నలభై ఐదు దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎనిమిది గంటలకి, వీలైతే ఓపీడీకో ఎండోస్కోపీ లాంటి పగటి యూనిట్లకో మారండి. ఏళ్లతరబడి నైట్లు చేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే "క్యాన్సర్‌కి బహుశా కారణం కాగలదు" అనే జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. భయపడమని కాదు, ఇరవై ఏళ్లు నైట్లు చేసిన మనిషికి ఇంక చాలు అనే హక్కు ఉందని.

మగ నర్సులకి ఒక మాట. "బ్రదరే కదా, నైట్ చేస్తాడులే" అని నెలలో సగం నైట్లు మీ నెత్తినే పడతాయి. చేరేటప్పుడే నెలకి గరిష్ఠంగా ఎన్ని నైట్లో మాట తీసుకోండి.

విదేశాలకి చదువుకుంటున్నవాళ్లు రెండు రకాలు. ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ లాంటి ఇంగ్లీషు పరీక్షలకి సొంతంగా చదివేవాళ్లకి నాలుగు డ్యూటీల పద్ధతి బాగా కుదురుతుంది. జర్మన్ నేర్చుకునేవాళ్లకి కుదరదు, భాషా తరగతి రోజూ ఒకే వేళకి ఉంటుంది. షిఫ్టు తిరుగుతుంటే వారానికి రెండు క్లాసులు పోతాయి, బీ1 అనే మధ్య స్థాయి దగ్గరే ఆగిపోతారు. వాళ్లు ఫిక్స్‌డ్ షిఫ్టు దొరికే చోటే చేరాలి, జీతం తగ్గినా సరే.

వెళ్లాక ఏ షిఫ్టు అన్నది కూడా దేశాన్ని ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) పూర్తికాల నర్సుకి వారానికి 37.5 గంటలు, వార్డుల్లో ఎక్కువగా లాంగ్ డేలు, అంటే పొడవైన షిఫ్టులు. జీతం లేని విరామం పోగా పదకొండున్నర గంటల చొప్పున వేస్తే నాలుగు వారాలకి పదమూడు డ్యూటీలు. అమెరికాలో వారానికి మూడు పన్నెండులు చేస్తే చాలాచోట్ల పూర్తికాలమే. జర్మనీలో చట్టం ప్రకారం రోజుకి ఎనిమిది గంటలు, పదికి మించకూడదు, అందుకే అక్కడ మూడు షిఫ్టుల పద్ధతి నడుస్తుంది. విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా అక్కడికి వెళ్లేవాళ్లు ఈ తేడా ముందే తెలుసుకుంటే మంచిది. సౌదీ, ఖతార్, యూఏఈల్లో చట్టబద్ధమైన పరిమితి వారానికి 48 గంటలు. మన నాలుగు డ్యూటీల పన్నెండు గంటలతో సమానం. ఇక్కడ ఆరు రోజులు చేసి అలిసిపోయి గల్ఫ్ వెళ్లినవాళ్లు మొదటి నెల "పనే లేదక్కా" అనడం అందుకే.

## ఇంటర్వ్యూలో అడగాల్సినవి

హెచ్‌ఆర్‌ని అడిగే ముందు వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడగండి, ఆమెకే నిజం తెలుసు. పోయిన నెల రోస్టర్ చూపించమనండి. అందులో నాలుగు సంగతులు వెతకండి: ఒక్కొక్కరికి మొత్తం డ్యూటీలు ఎన్ని, వరసగా నైట్లు ఎన్ని, నైట్ల తర్వాత ఆఫ్‌లు ఎన్ని, కొట్టేసి మార్చిన గడులు ఎన్ని. రోస్టర్ నిండా కొట్టివేతలుంటే అక్కడ మనుషులు చాలట్లేదని అర్థం. వరసగా మూడు నైట్లు దాటితే నాకైతే నాలుగో నైట్ ఆరో బెడ్ గుర్తొస్తుంది.

డబుల్ డ్యూటీకి డబ్బిస్తారా, బదులుగా ఆఫ్ (కాంపెన్సేటరీ ఆఫ్) ఇస్తారా? ఆఫ్ ఇస్తే ఎన్నాళ్లలోపు వాడుకోవాలి? "తర్వాత చూద్దాంలే" అన్నారంటే ఇవ్వరని రాసుకోండి.

ఇవన్నీ అడగడానికి మొహమాటమైతే ఇంకో దారుంది. ఇంటర్వ్యూ అయ్యాక వెంటనే ఇంటికెళ్లకండి. ఎదురుగా టీ కొట్టు ఉంటుంది, రాత్రి తొమ్మిదింపావు దాకా అక్కడ కూర్చోండి. డే డ్యూటీ వాళ్లు ఎన్నింటికి బయటికొస్తున్నారో చూడండి. ఎనిమిదిన్నరకల్లా గుంపుగా, మాట్లాడుకుంటూ వస్తే ఒక లెక్క. తొమ్మిదింపావుకి ఒక్కొక్కరే, ఫోన్‌లో "వచ్చేస్తున్నా" అంటూ వస్తే ఇంకో లెక్క. ఆ వచ్చేవాళ్లలో మీ వయసు పిల్ల ఎవరైనా ఉంటే టీ ఇప్పించి అడగండి, "సిస్టర్, పోయిన నెల ఎన్ని డ్యూటీలు చేశారు?"